ఎద్దు పేరు ఎవరిది, మాంసం పేరు ఎవరిది?
ఇంగ్లీషు భాషా చరిత్రను కిందినుంచి చదవడం

ఇంగ్లీషు భాషా చరిత్రను మన కాలేజీల్లో ఒక విందు కథలాగ చెబుతారు. బ్రిటన్ దీవిలో మొదట కెల్టులు ఉన్నారు. రోమన్లు వచ్చి వెళ్ళారు. ఐదో శతాబ్దంలో ఆంగ్లులు, శాక్సన్లు, జూట్లు సముద్రం దాటి వచ్చి తమ భాష తెచ్చారు. 597లో వచ్చిన క్రైస్తవ మిషనరీలు లాటిన్ మాటలిచ్చారు. తొమ్మిదో శతాబ్దంలో డేన్లు కొన్ని మాటలిచ్చారు. 1066లో నార్మన్లు వచ్చి చాలా మాటలిచ్చారు. అందరిచ్చినవీ కాదనకుండా పుచ్చుకున్న ఇంగ్లీషు ఉదారమైన భాష, పెద్ద మనసున్న భాష, అందుకే ప్రపంచ భాష అయింది. "ఇంగ్లీషు మీద విదేశీ ప్రభావాలను చర్చించండి" అన్న ప్రశ్నకు విద్యార్థి రాయాల్సిన జవాబు ఇంతే.

ఈ జవాబు వెనక పెద్ద పుస్తకాలే ఉన్నాయి. డెన్మార్కు పండితుడు ఒటో జెస్పర్సన్ 1905లో రాసిన పుస్తకం, అమెరికా పండితుడు ఆల్బర్ట్ బా 1935లో రాసిన పుస్తకం తరతరాల ఎం.ఏ. విద్యార్థుల చేతుల్లో నలిగాయి. వాళ్ళ శ్రమను తక్కువ చేయనక్కరలేదు. ఏ మాట ఎప్పుడు, ఎక్కడినుంచి వచ్చిందో వాళ్ళు చెప్పినదాంట్లో చాలా భాగం ఈరోజుకీ నిలబడుతుంది. పేచీ అంతా "ఇచ్చారు, పుచ్చుకున్నారు" అనే క్రియల దగ్గర ఉంది. మాటలు వాటంతటవే ఇల్లు మారవు. ఎవరి చేతిలో కర్ర ఉంది, ఎవరి చేతిలో చీపురుంది, ఎవరు పీట మీద కూర్చున్నారు, ఎవరు గడప అవతల నిలబడ్డారు అన్నదాన్నిబట్టి మాటలు ప్రయాణిస్తాయి. ఆ కొలతతో చూస్తే ఇంగ్లీషు తొలి వెయ్యేళ్ళ చరిత్ర విందు కథగా మిగలదు.

ఇది మనకెందుకు? దళిత ఉద్యమంలో ఇంగ్లీషు ఒక పెద్ద ప్రశ్న అయి కూర్చుంది కాబట్టి. 2010లో ఉత్తరప్రదేశ్‌లోని బాంకా గ్రామంలో దళితులు ఇంగ్లీషు దేవతకు గుడి తలపెట్టారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇస్తే, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ గొడవలో ఒక పక్కవాళ్ళకి ఇంగ్లీషు విముక్తి, ఇంకో పక్కవాళ్ళకి అది పరాయి మాయ. తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపి మాదిగ పిల్లాడికి మాతృభాష మహిమ బోధించేవాళ్ళ సంగతి మనకు తెలిసిందే, దాన్ని మళ్ళీ చెప్పుకోనక్కరలేదు. కానీ ఇంగ్లీషు కావాలనే మనం కూడా, ఆ భాష పుట్టిన ఇంట్లో కూలోడికీ దొరకీ మధ్య ఏం జరిగిందో తెలుసుకొనే అడుగుదాం.

పరాయివాడు, బానిస: ఒకే మాట

శాక్సన్లు బ్రిటన్‌కు వచ్చేటప్పటికి అక్కడి జనం మాట్లాడేది కెల్టిక్ కుటుంబానికి చెందిన భాష. వాళ్ళను శాక్సన్లు "వెయల్హ్" అన్నారు. దాని మొదటి అర్థం పరాయివాడు. సొంత నేలమీద ఉన్నవాణ్ణి, నిన్నగాక మొన్న పడవ దిగినవాడు పరాయివాడు అన్నాడు! కాలం గడిచేకొద్దీ అదే మాటకు బానిస అనే అర్థం కూడా వచ్చింది. దాని స్త్రీలింగ రూపానికి బానిస స్త్రీ అని అర్థం. ఇప్పటి "వెల్ష్", "వేల్స్" అనే పేర్లు ఆ మాటలోంచి వచ్చినవే. ఆ జనం తమను తాము పిలుచుకునే పేరు వేరు. "కమ్రి" అంటారు, ఒకే నేలవాళ్ళం అని. పెట్టిన పేరుకూ, పెట్టుకున్న పేరుకూ ఉన్న తేడా "హరిజన" అనే మాటను తోసేసి "దళిత" అనే మాటను ఎత్తుకున్న మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఈ తేడా మాటల్లోనే ఆగలేదు, చట్టంలోకి ఎక్కింది. వెసెక్స్ రాజు ఐన్ 688 నుంచి 726 దాకా పాలించాడు. అతని చట్టంలో మనిషిని చంపితే కట్టాల్సిన వెల రాసి ఉంది. స్వతంత్ర శాక్సన్ రైతు ప్రాణం 200 షిల్లింగులు. పైవర్గపు మనిషి ప్రాణం 1200. వెల్ష్ మనిషికి ఒక పూర్తి కమతం భూమి ఉంటే 120. సగం ఉంటే 80. భూమి లేకపోతే 60. బానిస అయితే 60, కొందరికి 50. అంబేద్కర్ మెట్ల అసమానత అన్నది కులం గురించి. కులానికీ దీనికీ తేడా ఉంది. ఇక్కడ భూమి సంపాదిస్తే వెల పెరుగుతుంది, కులంలో అదీ పెరగదు. కానీ ఒక్కొక్కణ్ణి ఒక్కొక్క మెట్టుమీద నిలబెట్టి ప్రాణానికి రేటు కట్టే బుద్ధి మనకు కొత్తది కాదు.

ఇప్పుడు భాష దగ్గరికి వద్దాం. పాత ఇంగ్లీషులోకి కెల్టిక్ నుంచి వచ్చిన మాటలు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే అని పుస్తకాలు చెబుతాయి. నదుల పేర్లు, ఊళ్ళ పేర్లు మాత్రం మిగిలాయి. థేమ్స్, డోవర్, ఎవాన్. "ఎవాన్" అంటే ఆ భాషలో ఏరు అనే అర్థం. వచ్చినవాడు ఆ ఏటి పేరేమిటని అడిగి ఉంటాడు, ఉన్నవాడు "ఏరు" అని చెప్పి ఉంటాడు. వాళ్ళిద్దరి మధ్య అంతకన్నా ఎక్కువ మాటలు సాగినట్టు నిఘంటువులో సాక్ష్యం లేదు.

జెస్పర్సన్ దీనికి కారణం చెప్పాడు. కింద ఉన్నవాడి భాష నేర్చుకోవాల్సిన అవసరం పైనున్నవాడికి లేదు, పైవాడి భాష బాగా నేర్చుకోవాల్సిన అవసరం కిందివాడికి ఉంది, అందువల్ల కిందివాడి మాటలు పైకి ఎక్కలేదన్నాడు. మంచి మాట. అయితే అక్కడే ఆగిపోయాడు. కిందివాడు పైవాడి భాష నేర్చుకున్నప్పుడు ఆ భాషకేమవుతుంది? కోట్లమంది నోళ్ళలో పడ్డ ఇంగ్లీషు మన కళ్ళముందే మారుతుంది గదా! అప్పుడు మాత్రం మారకుండా ఉంటుందా? ఈ ప్రశ్న ఆ పుస్తకాల్లో పెద్దగా కనబడదు. ఎందుకంటే వాళ్ళ లెక్కల పద్ధతి అరువు మాటల లెక్క. మాట దొరికితే ప్రభావం ఉన్నట్టు, దొరక్కపోతే లేనట్టు. అదే పుస్తకం మొదటి అధ్యాయంలో ఇంగ్లీషును మగతనం ఉన్న భాష అని మెచ్చుకున్న పండితుడికి, ఆ మగవాళ్ళ ఇళ్ళల్లో పిల్లల్ని ఎత్తుకున్న బానిస స్త్రీల నోటి భాష వినబడకపోవడంలో వింతేముంది?

ఇటీవల కొందరు ఈ ప్రశ్నను లేవనెత్తారు. 2008లో ఫిన్లండ్ పరిశోధకులు ఫిలిప్పులా, క్లెమోలా, పౌలాస్తో కలిసి ఇంగ్లీషు, కెల్టిక్ భాషల సంపర్కం మీద పుస్తకం తెచ్చారు. అదే ఏడు అమెరికాలో నల్లజాతి భాషావేత్త జాన్ మెక్‌వర్టర్ సామాన్య పాఠకుల కోసం ఇదే వాదన వినిపించాడు. వాళ్ళు మాటల్ని వదిలి వాక్యం కట్టును చూశారు. "నీకు తెలుసా" అనడానికి ఇంగ్లీషువాడు "డూ యూ నో" అంటాడు. ఆ "డూ" ఎక్కడిది? దగ్గరి చుట్టమైన జర్మన్‌లో అది లేదు. అక్కడ క్రియను ముందుకు తెచ్చి నేరుగా అడుగుతారు. "చేయు" అనే క్రియను ఇట్లా సాయం తెచ్చుకునే అలవాటు వెల్ష్‌లో, కార్నిష్‌లో ఉంది. "ఇంగ్" చేర్చి జరుగుతున్న పనిని చెప్పే పద్ధతికి కూడా వెల్ష్‌లో పోలిక ఉంది. ఇవి కెల్టుల నోళ్ళలోంచి ఇంగ్లీషులోకి వచ్చాయని వాళ్ళ వాదన.

దీన్ని ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు, వాళ్ళ అభ్యంతరం చిన్నదేం కాదు. ఈ వాక్యరూపాలు రాతలో బాగా కనబడేది శాక్సన్లు వచ్చిన ఎన్నో శతాబ్దాల తర్వాత. అంతకాలం ఎక్కడ దాక్కున్నాయని వాళ్ళ ప్రశ్న. రాసేవాళ్ళు మఠాల్లో, కొలువుల్లో ఉన్నారు, పొలంలో మాటను వాళ్ళెందుకు రాస్తారు అనేది జవాబు. 2022లో "నేచర్" పత్రికలో వచ్చిన ప్రాచీన డి.ఎన్.ఎ. అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది. తూర్పు ఇంగ్లండ్ సమాధుల్లోని మనుషుల వంశమూలంలో 76 శాతం దాకా ఉత్తర సముద్రం అవతలి తీరాలదని తేలింది. అంటే వలస వచ్చింది గుప్పెడు మంది సైనికులు కాదు, జనమే వచ్చారు. కాబట్టి కెల్టుల వాదన తేలిపోయిందని ఎవరూ చప్పట్లు కొట్టనక్కరలేదు, అది కట్టుకథ అని కొట్టేయనూ అక్కరలేదు. మనకు పనికొచ్చేది ఒక పద్ధతి. నిఘంటువులో మాట లేనంత మాత్రాన మనిషి లేనట్టు కాదు. "డూ", "డజ్" దగ్గర తప్పు చేశాడని మన పిల్లల్ని నిలబెడతారే, ఆ "డూ" కూడా ఒకనాడు బానిసలు దొర భాషను "తప్పుగా" మాట్లాడితే పుట్టిందేమో!

రొట్టె ఉన్నవాడు, రొట్టె తిన్నవాడు

పాత ఇంగ్లీషులో రొట్టెకు "హ్లాఫ్" అని పేరు. ఇప్పటి "లోఫ్" అదే. ఆ రొట్టె చుట్టూ ఒక సమాజం పేర్లు పెట్టుకుంది. రొట్టెను కాపాడేవాడు "హ్లాఫ్‌వేర్డ్". అది అరిగి అరిగి "లార్డ్" అయింది. రొట్టె పిండి పిసికే ఆమె "హ్లాఫ్‌డియె". అది "లేడీ" అయింది. మూడో మాట ఒకటుంది, పాఠాల్లో అంతగా వినబడదు. "హ్లాఫ్‌ఏటా". రొట్టె తినేవాడు. అంటే ఇంటి పనివాడు, యజమాని పెట్టింది తిని బతికేవాడు. ఏడో శతాబ్దపు మొదట్లో కెంట్ రాజు ఎథెల్‌బర్ట్ చేసిన చట్టం, ఇంగ్లీషులో రాసిన మొదటి చట్టం అది, ఒక రైతు దగ్గరి రొట్టె తినేవాణ్ణి చంపితే 6 షిల్లింగులు కట్టాలంటుంది.

మూడు మాటల గతి చూడండి. "లార్డ్" దేవుడి పేరయింది. "లేడీ" మర్యాద పేరయింది. "రొట్టె తినేవాడు" భాషలోంచే పోయాడు. "మా కూడు తిని మాకే ఎదురు చెబుతావా" అని జీతగాణ్ణి తిట్టే ఊళ్ళల్లోంచి వచ్చిన మనకు ఇది అర్థమవుతుంది. గోధుమ పండించింది ఎవరు, తిరగలి తిప్పింది ఎవరు అని ఆ మాటలు అడగవు. రొట్టె యజమానిది, తిన్నవాడు రుణపడ్డవాడు. దోపిడీని దానంగా చూపించే పని ఒక్కోసారి ఒక్క మాటతో అయిపోతుంది.

ఇంగ్లీషులో పేరు తెలిసిన మొదటి కవి కేడ్మన్. ఏడో శతాబ్దంలో విట్బీ మఠంలో పశువులు కాసేవాడు. విందులో వీణలాంటి వాద్యం చేతులు మారుతూ తన దాకా వస్తుందంటే, పాడటం రాదని లేచి పశువుల కొట్టంలోకి వెళ్ళిపోయేవాడట. ఒక రాత్రి కలలో ఎవరో వచ్చి పాడమన్నారు, పాడాడు. ఈ కథను బీడ్ అనే సన్యాసి 731 నాటికి పూర్తిచేసిన చరిత్రలో రాశాడు. సాహిత్య చరిత్రలు దీన్ని భక్తితో చెబుతాయి. మనం రెండు సంగతులు గమనించాలి. ఒకటి, బీడ్ ఆ పాటను లాటిన్‌లోకి మార్చే రాశాడు. పశువుల కాపరి ఇంగ్లీషు మాటల్ని ఆ తర్వాత లేఖకులు రాతప్రతుల అంచుల్లో, చివర్లో ఎక్కించారు. రెండు, కేడ్మన్‌ను మఠంలో చేర్చుకుని పండితులు తమ గ్రంథంలోని కథలు వినిపించారు, అతను వాటినే పాటలు కట్టాడు. కొట్టంలో, పశువుల మధ్య అతను ఏం పాడుకున్నాడో, అసలు ఎందుకు లేచి వెళ్ళిపోయేవాడో ఎవరూ అడగలేదు. కిందివాడికి గొంతు ఇచ్చినట్టే ఇచ్చి, పాట మాత్రం తమదే పాడించుకోవడం అప్పటినుంచీ ఉంది.

తోలు మాట్లాడింది

పదో శతాబ్దంలో చేత్తో రాసిన ఒక పుస్తకం ఎక్సెటర్ చర్చిలో ఉంది. అందులో తొంభైకి పైగా పొడుపు కథలున్నాయి. ఒకదాని విడుపు ఎద్దు, దాని తోలు. తోలే తన కథ చెప్పుకుంటుంది. బతికున్నన్నాళ్ళూ నేల చీల్చాను అంటుంది. చచ్చాక నల్లని వెల్ష్ మనుషుల్ని కట్టిపడేసే వారునయ్యాను, దొరకు తాగడానికి పోసే తిత్తినయ్యాను, గర్వంగల పెళ్ళికూతురి కాళ్ళకింద చెప్పునయ్యాను అంటుంది. దూరంనుంచి తెచ్చిన నల్లజుట్టు బానిస స్త్రీ చీకటి రాత్రుల్లో నన్ను పిసుకుతుంది అంటుంది. ఆ స్త్రీని తాగిన పిచ్చిదని కూడా ఎగతాళి చేస్తుంది.

వ్యాఖ్యాతలు ఇందులో శృంగార శ్లేష చూస్తారు. ఉందేమో ఉండనీయండి. మన పాఠకుడికి ముందు కనబడేది తోలు పని. ఎద్దు చచ్చాక దాన్ని ముట్టుకునేది ఎవరు? నానబెట్టి, పిసికి మెత్తన చేసేది ఎవరు? చెప్పు తొడుక్కునేది ఒకరు, తోలు పిసికేది ఇంకొకరు, ఆ తోలుతోనే కట్టబడేది ఆ పిసికేదాని కులపోళ్ళు. ఒక్క పొడుపు కథలో మొత్తం వ్యవస్థ ఉంది. చచ్చిన ఎద్దుకు కవి నోరిచ్చాడు, బతికున్న ఆడమనిషికి ఇవ్వలేదు. ఇంగ్లండ్‌లో తోలు పనికి పుట్టుకతో అంటు తగిలించలేదు, ఆ తేడా మరిచిపోకూడదు. కానీ ఇంగ్లీషు తొలి సాహిత్యంలో అణగారిన మనుషుల జాడ వెతికేవాడికి వీరగాథలకన్నా ఇలాంటి పొడుపు కథే ఎక్కువ చెబుతుంది.

సమానుల మధ్య సర్వనామాలు

డేన్ల సంగతి వేరు. తొమ్మిదో శతాబ్దంలో దండెత్తి వచ్చిన స్కాండినేవియన్లు తూర్పు, ఉత్తర ప్రాంతాల్లో స్థిరపడి ఇంగ్లీషు రైతుల పక్కనే పొలాలు దున్నుకున్నారు. రెండు భాషలు దగ్గరి చుట్టాలు, ఒకడి మాట ఇంకొకడికి కొంతైనా తెలిసేది. చట్టం పేరు "లా", గుడ్డు పేరు "ఎగ్", "స్కిన్", "నైఫ్", "విండో", "హజ్బెండ్" వాళ్ళవే. "ఫెలో" అంటే కలిసి పెట్టుబడి పెట్టిన భాగస్వామి. అన్నిటికన్నా ముఖ్యం, "దే", "దెమ్", "దెయిర్" వాళ్ళవి. "వాళ్ళు" అనే సర్వనామాన్ని పక్కభాష నుంచి తెచ్చుకోవడం అరుదు. పక్కింటివాడితో రోజూ సంతలో, పెళ్ళిలో, తగాదాలో కలిస్తేనే అది జరుగుతుంది. పాలకుడి దగ్గర పదవుల పేర్లు వస్తాయి, సాటివాడి దగ్గర సర్వనామాలు వస్తాయి.

అయితే ఈ సమానత్వం కూడా భూమి ఉన్నవాళ్ళ మధ్యనే. బానిసకు "థ్రాల్" అనే మాట డేన్లదే. "ఎన్‌థ్రాల్" అంటే ఇప్పుడు మంత్రముగ్ధం చేయడం అని అర్థం, దాని అడుగున ఉన్నది గొలుసు. 1086లో నార్మన్ రాజు తయారు చేయించిన భూముల లెక్క, "డూమ్స్‌డే బుక్", అందులో నమోదైన మనుషుల్లో సుమారు పదోవంతు మంది బానిసలు. డేన్లూ శాక్సన్లూ ఒకరి మాటలొకరు పంచుకున్నప్పుడు ఈ పదోవంతు ఎవరి లెక్కలోనూ లేదు.

బీఫ్ కథలో ఉన్న నిజం, లేని నిజం

1066 తర్వాత కథ అందరికీ తెలిసిందే. రాజు, కొలువు, కోర్టు ఫ్రెంచి. చర్చి లాటిన్. పొలం ఇంగ్లీషు. ఇక్కడ ఉపాధ్యాయులంతా చెప్పే ఉదాహరణ వాల్టర్ స్కాట్ 1819లో రాసిన "ఐవన్హో" నవలలోది. పందులు కాసే గర్త్‌తో విదూషకుడు వాంబా అంటాడు, జంతువు నీ చేతిలో ఉన్నంతసేపు దానికి శాక్సన్ పేరు, దొర బల్లమీదికి వెళ్ళగానే ఫ్రెంచి పేరు అని. "ఆక్స్" బీఫ్ అవుతుంది, "కాఫ్" వీల్ అవుతుంది, "స్వైన్" పోర్క్ అవుతుంది. మేపేవాడి మాట ఒకటి, తినేవాడి మాట ఒకటి.

మనకు ఇది వెంటనే నచ్చుతుంది. అందుకే కాస్త జాగ్రత్తగా చూడాలి. ఈ మాటల విభజన అంత కచ్చితంగా, అంత త్వరగా జరగలేదు. ఫ్రెంచి మాటలు ఎక్కువగా వచ్చింది గెలిచిన కొత్తలో కాదు, 13, 14 శతాబ్దాల్లో, దొరలే ఫ్రెంచి మరిచి ఇంగ్లీషులోకి దిగుతున్న కాలంలో. ఆ మధ్యకాలంలో వచ్చిన ఫ్రెంచి మాటలు సుమారు 10,000 అని లెక్క. "బీఫ్", "మటన్" అనే మాటల్ని బతికున్న జంతువులకూ చాలాకాలం వాడారు. షేక్‌స్పియర్ "వెనిస్ వర్తకుడు" నాటకంలోనే అది కనబడుతుంది. అంటే స్కాట్ చెప్పింది ఒక శతాబ్దపు సంఘటన కాదు, చాలా శతాబ్దాలు పట్టిన సర్దుబాటు. పైగా స్కాట్ గర్త్‌ను శాక్సన్ దొర సెడ్రిక్ బానిసగానే చూపిస్తాడు, మెడకు పట్టీ వేసి మరీ. శాక్సన్లంతా ఒకటి, నార్మన్లంతా ఒకటి అని జాతి కథ చెబుతూ, సొంత జాతి దొర మెడకు వేసిన పట్టీని పక్కకు పెడతాడు. జాతి పేరు చెప్పి కులాన్ని దాచే కథలు మన జాతీయోద్యమ సాహిత్యంలో కొల్లలు గదా.

నాకు బీఫ్ కన్నా పెద్ద సాక్ష్యం తిట్టు మాటల్లో దొరుకుతుంది. "విల్లా" అంటే పొలాలతో కూడిన గ్రామీణ ఎస్టేటు. దానికి కట్టుబడి ఉన్న పాలేరు "విల్లెన్". ఆ మాటే "విలన్" అయింది, సినిమాలో దుర్మార్గుడయ్యాడు. "చర్ల్" ఒకప్పుడు స్వతంత్ర రైతు, ఇప్పుడు మోటువాడు. "బూర్" అంటే రైతు, ఇప్పుడు మర్యాద తెలియనివాడు. "నేవ్" అంటే కుర్రాడు, తర్వాత పనివాడు, ఆ తర్వాత మోసగాడు. "లూడ్" అంటే మొదట మఠానికి చెందనివాడు. ఆ తర్వాత చదువు రానివాడు, ఆ తర్వాత నీచుడు, చివరికి బూతు. మరో పక్క "జెంటిల్" అంటే మంచి వంశంలో పుట్టినవాడు, ఇప్పుడు మృదువైనవాడు. "నోబుల్" అంటే పెద్ద పుట్టుక, ఇప్పుడు ఉదాత్తం. సి.ఎస్. లూయిస్ 1960లో దీనికి ఒక పేరు పెట్టాడు: హోదా మాటలు నీతి మాటలుగా మారడం. పేరు సరిగానే పెట్టాడు. మనం చేర్చాల్సింది ఒక్కటే. పుట్టుక గుణమైపోవడం, శ్రమ నేరమైపోవడం ఇక్కడ భాషలో జరిగింది. మన దేశంలో ఆ పని ధర్మశాస్త్రం చేసింది.

భాష గెలిచింది, పాలేరు గెలవలేదు

మూడు వందల ఏళ్ళు పొలంలో, వంటింట్లో బతికిన ఇంగ్లీషు పైకి వచ్చింది. 1362లో కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం చేశారు. తమ మీద ఏం మాట్లాడుతున్నారో జనానికి తెలియడంలేదని కారణం చెప్పారు. ఆ చట్టాన్ని రాసింది మాత్రం ఫ్రెంచిలో! రికార్డులు లాటిన్‌లోనే ఉంచమన్నారు. కోర్టు కాగితాల్లోంచి లాటిన్ పూర్తిగా పోవడానికి 1733 దాకా పట్టింది.

ఇక్కడ మనవాళ్ళు కొందరు ఒక పాఠం తీస్తారు. చూశారా, కూలివాడి భాష రాజభాష అయింది, మనమూ అవుతాం అని. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. 1362లో భాషకు చోటు దొరికింది. 1381లో ఆ భాష మాట్లాడే పాలేర్లు తిరగబడి, తమ వెట్టికి రుజువుగా ఉన్న దొరల కాగితాల్ని తగలబెట్టారు. వాళ్ళకు బోధించిన జాన్ బాల్‌ను ఉరితీశారు. 1380ల్లో విక్లిఫ్ అనుచరులు బైబిల్‌ను ఇంగ్లీషు చేశారు. 1409 నాటికి అనుమతి లేకుండా లేఖనాన్ని ఇంగ్లీషులోకి మార్చడం, అలాంటిది చదవడం నిషేధమైంది. ఇంగ్లీషు కోర్టులో పనికొచ్చింది, దున్నేవాడి చేతిలో పవిత్ర గ్రంథంగా మాత్రం ప్రమాదమైంది. వేదం విన్న శూద్రుడి చెవిలో సీసం పోయమన్న స్మృతి మనకు గుర్తుకు రాకుండా ఎట్లా ఉంటుంది? బైబిల్‌ను మళ్ళీ ఇంగ్లీషులోకి తెచ్చిన టిండేల్‌ను 1536లో చంపి తగలబెట్టారు. 1611లో రాజు పేరుమీద వచ్చిన బైబిల్‌లో పెద్దభాగం ఆ టిండేల్ మాటలే.

అదే 1536లో ఇంకొకటి జరిగింది. వేల్స్‌ను ఇంగ్లండ్‌లో కలిపిన చట్టం, వెల్ష్ మాట్లాడేవాళ్ళకు ప్రభుత్వ పదవులు ఉండవని చెప్పింది. 1362కీ 1536కీ మధ్య 174 ఏళ్ళు. ఫ్రెంచి కింద నలిగిన భాష, తనకు అధికారం రాగానే మొదటినుంచీ తన కింద ఉన్న భాషకు అదే చేసింది. పైకి వచ్చిన భాష తన పాత గాయాన్ని గుర్తుపెట్టుకోదు. దాంతోపాటు పైకి వచ్చింది వర్తకులు, వకీళ్ళు, రాజోద్యోగులు. "విల్లెన్" ఇంకా "విలన్" గానే ఉన్నాడు.

ఇంగ్లీషువాడు సముద్రం దాటి మన వైపు వచ్చాక కూడా ఇదే చేశాడు. తమిళ నేలమీద "పరై" అనే డప్పు కొట్టే జనం పేరు 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి "పరయా" అని వెళ్ళింది. 19వ శతాబ్దానికి లోకం వెలేసిన ఎవరికైనా అదే పేరయింది. "కాస్ట్" అనే మాటను పోర్చుగీసుల దగ్గర తెచ్చుకున్న భాష, వెలివేతకు మాత్రం మన డప్పు పేరు తెచ్చుకుంది. తన పాలేరును తిట్టుగా మార్చుకున్న భాషకు మనవాణ్ణి మార్చడం ఎంతసేపు?

మన ఇంట్లో చూసుకుంటే

తెలుగు దీనికి అతీతమా? 1858లో వచ్చిన చిన్నయసూరి బాలవ్యాకరణం మాటల్ని తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని విభజించి, లక్షణానికి కట్టుబడని గ్రామ్యాన్ని కావ్యభాషకు అవతల పెట్టింది. "గ్రామ్యం" అంటే ఊరిది. అలంకార శాస్త్రంలో గ్రామ్యం ఒక దోషం, మోటుతనం, అసభ్యత. విల్లా విలన్ అయినట్టే గ్రామం గ్రామ్యమైంది. ఇంగ్లండ్‌లో పల్లెవాడికి జరిగింది ఇక్కడ మొత్తం పల్లెభాషకు జరిగింది. ఆ పల్లెకు కూడా అవతల, వాడ ఉంది. దాని భాషకు శాస్త్రంలో పేరు కూడా లేదు.

1910ల్లో గిడుగు, గురజాడ దీనిమీద పోరాడారు. సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్న గిడుగును మనం తక్కువ చేయం. కానీ గెలిచింది "శిష్ట వ్యావహారికం". ఆ శిష్టులెవరు? కోస్తా జిల్లాల్లో చదువుకున్న పై కులాలవాళ్ళు. తెలంగాణ యాస సినిమాల్లో దశాబ్దాలపాటు విలన్‌కూ హాస్యగాడికీ మిగిలింది. 1362లో ఇంగ్లీషు గెలిచినట్టే మన వాడుక భాష కూడా గెలిచింది. పాలేరు భాష ఎక్కడుందో అక్కడే ఉంది.

కాబట్టి ఇంగ్లీషు కావాలా వద్దా అన్న ప్రశ్నకు నా జవాబు సూటిగా ఉంది. కావాలి, ప్రతి దళిత బిడ్డకీ ప్రభుత్వ ఖర్చుతో, మంచి పంతుళ్ళతో కావాలి. కోర్టు, కార్యాలయం, విశ్వవిద్యాలయం ఆ భాషలో ఉన్నంతకాలం అది దొరల దగ్గర వదిలేయాల్సిన వస్తువు కాదు. కానీ దాన్ని దేవతగా కొలవొద్దు. ఏ భాషా తనంతట తాను ఎవర్నీ విముక్తి చేయలేదు, సొంత పాలేర్లను కూడా.

ఉపాధ్యాయులు చేయగలిగిన పని ఒకటుంది. "విదేశీ ప్రభావాలు" పాఠం చెప్పేటప్పుడు బల్లమీద రెండు వరసలు రాయండి. ఒకదాంట్లో "లార్డ్", "జెంటిల్", "నోబుల్". ఇంకోదాంట్లో "విలన్", "చర్ల్", "లూడ్", "వెల్ష్", "పరయా". వీళ్ళంతా మొదట ఎవరు, ఏం పని చేసేవాళ్ళు అని పిల్లల్ని అడగండి. ఆ తర్వాత లంద, ఆరె, వారు, మోట, తంగేడు చెక్క అనే మాటలు వాళ్ళ ఇళ్ళల్లో ఇంకా ఎవరి నోట ఉన్నాయో రాసుకురమ్మనండి. 2012లో ఉస్మానియాలో దళిత విద్యార్థులు బీఫ్ పండుగ చేసినప్పుడు దాన్ని ఆపాలని ఎంత గొడవ చేశారో తెలుసు గదా. ఆరోజు వాళ్ళు అడిగింది తిండి ఒక్కటే కాదు. ఎద్దును కోసినవాడికి, తోలు నానబెట్టినదానికి తమ మాట తాము చెప్పుకునే చోటు అడిగారు. ఎక్సెటర్ పొడుపు కథలో నల్లజుట్టు ఆడమనిషికి అది దక్కలేదు. మన అమ్మల మాటలు రాసిపెట్టే పని ఇంకా మన చేతుల్లోనే ఉంది.